మలిచూలు పట్టీ

పట్టీ ఎర్రబడగానే ఆ ఆసుపత్రి గదిలో సంతోషపడింది లచ్చవ్వ ఒక్కతే.

"సూసినవా అన్నా!" అంటూ ఒళ్లోని సంచి పక్కన పెట్టి లేచింది. "పంతులు ఏ గడియ చెప్పిండో నీ మిషను గూడ గదే గడియ చెప్పింది. నీ చేతులు సల్లగుండ! వియ్యంకుడివి, నువ్వు దేవుణ్ని నమ్మవాయె, నీ మిషను ఎట్లుంటదో ఏమోనని ఊకనే భయపడ్డ."

ఓదెలు మంచం మీద ఉన్న కూతురు నడుము వైపే చూస్తున్నాడు. నాలుగు వేళ్ల వెడల్పు గుడ్డపట్టీ. మధ్యలో చింతగింజంత దీపం. పొద్దున్నుంచీ పచ్చగా ఉన్న దీపం ఇప్పుడు పండుమిరపకాయలా ఉంది.

ఆ పట్టీని చేసింది ఓదెలే. ఒకసారి కని మళ్లీ కడుపుతో ఉన్నవాళ్ల కోసం చేశాడు. నెలలు నిండాక నడుముకు చుడితే అది గర్భసంచి బిగువును వింటుంది, బిడ్డ గుండెను వింటుంది, పాత కాన్పుల సంగతి కలుపుకుని ఆలోచిస్తుంది. పచ్చగా వెలిగితే తల్లి తనంత తాను కంటుంది. ఎర్రబడితే కోత. ఎర్రదీపం వెలిగాక కోయకుండా ఆగే అధికారం ఏ డాక్టరుకూ లేదు. తల్లి వద్దంటే తప్ప. ఎర్రదీపం చూసి వద్దన్న తల్లి ఇంతవరకూ లేదు. ఆ నిబంధన రాయించింది కూడా ఓదెలే.

"ఇదేంది బాపూ?" అంది పంచమి. "నాకు సక్కగ నొప్పులే రాలె. పొద్దుగాల పట్టినట్టు పట్టి ఇడిసిపెట్టినయ్. దొంగనొప్పులు. లోపల ఉన్నది మంచిగ తన్నుతున్నది. పెద్దదాన్ని కన్నప్పుడు ఎట్లుండెనో నాకు యాది లేదా?"

డాక్టర్ నస్రీన్ కడుపు మీద రెండు చేతులూ ఆనించి చూసింది. మళ్లీ చూసింది.

"నా చేతికైతే ఏం తేడా కొడుతలేదు సార్. కానీ ఎర్రబడ్డది. నేను కొయ్యక రేపు ఏమన్న అయితే, నన్ను కోస్తరు."

"కొయ్యమను, కొయ్యమను" అంది లచ్చవ్వ. "గురువారం, తదియ. పది దాటినంక మంచిదని పోయిన వారమే చెప్పిచ్చిన. నీకు చెప్తే కసురుతవని చెప్పలే అన్నా. ఇప్పుడు మిషనే చెప్పె."

ఓదెలు ఇంట్లో పంచాంగం ఉండదు. భార్య చనిపోయిన ఏడు, ఏ మంచిరోజూ ఆమెను కాపాడలేదని, ఉన్నదాన్ని పొయ్యిలో పెట్టాడు. ఆ తర్వాత ఎవరైనా ఆయన ముందు మంచిరోజు మాట ఎత్తితే లేచి వెళ్లిపోయేవాడు. ఇవాళ కూడా లేచాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయాడు.

"ఏ గడియ అన్నవ్ చెల్లె?"

"పది దాటినంక. పదకొండున్నర లోపట."

గోడ గడియారం పదీ పావు చూపిస్తోంది.

"డాక్టరమ్మా, గంట ఆగు."

"గంటంటే గంటే సార్" అంది నస్రీన్.

*

ప్రయోగశాల ఆసుపత్రి వెనకాలే. మధ్యలో ఒక ఆవరణ. ఆ ఆవరణలో ఇవాళ షామియానా వేసి ఉంది. గేటుకు మామిడాకులు. మంత్రి వస్తున్నాడు. రాష్ట్రంలో ప్రతి ఆసుపత్రికీ మలిచూలు పట్టీని తప్పనిసరి చేస్తున్నామని ఇక్కడే ప్రకటిస్తాడు. ఓదెలు కుర్చీల మధ్య నుంచి అడ్డంగా నడిచి వెళ్లాడు.

ఆయన భార్య భూలక్ష్మి మొదటి కాన్పుకు సర్కారు దవాఖానలో కొడుకును కని, లేచి కూర్చుని, ముందు చాయ్ అడిగింది. రెండో కాన్పుకు కోశారు. అప్పుడాయన చదువుకోసం వేరే ఊళ్లో ఉన్నాడు. వచ్చేసరికి కోత అయిపోయింది. బిడ్డ లోపల అలసిపోయిందని కాగితం మీద రాసి ఉంది. ఆ బిడ్డే పంచమి. మూడోసారి మాయ పాత కోతమచ్చ మీదే నాటుకుంది. రాతిగోడలో రావిమొక్క వేళ్లు దించినట్టు దించింది. బిడ్డ చచ్చే బయటికొచ్చింది. మాయ రాలేదు. నెత్తురు ఆగలేదు.

"మాయ ఊడలేదయ్యా" అన్నాడు ఆనాటి డాక్టరు.

లోకంలో ఎవరికి ఊడింది గనక అనుకున్నాడు ఓదెలు. ఏడవలేదు. ఆ డాక్టరును తిట్టలేదు కూడా. రెండో కాన్పులో కోత అవసరమైంది, కోశారు. ఆ మచ్చ మూడో కాన్పులో ప్రాణం తీసింది. ఎవరి తప్పూ లేదు. అలా నమ్మాడు. అవసరమైన కోతకూ అక్కర్లేని కోతకూ తేడా చెప్పే వస్తువు ఒకటి ఉండాలనుకున్నాడు. పల్లెబడిలో పలక పట్టి మొదలుపెట్టినవాడు ఆ వస్తువు చెయ్యడానికి జీవితం ఖర్చు పెట్టాడు.

దానికి మేతగా నాలుగు జిల్లాల ఆసుపత్రుల కాన్పుల వివరాలు పోశాడు. తల్లి వయసు, పాత కాన్పులు, పాత కోతలు, బిడ్డ బరువు, కోసిన కారణం, కోసిన రోజు, వేళ. ఏదీ దాచలేదు. చేటలో పోసి చెరిగితే తాలు ఎగిరిపోతుంది, గింజ మిగులుతుంది అనుకున్నాడు. చెరిగినప్పుడు గింజతోపాటు రాయి కూడా చేటలోనే ఉండిపోతుందని రైతుబిడ్డకు గుర్తుకు రాలేదు.

ఇప్పుడు గుర్తుకొచ్చింది.

పంచమి పట్టీ పొద్దున్నుంచి విన్న చప్పుడంతా ప్రయోగశాల యంత్రంలో ఉంది. ఓదెలు దాన్ని బల్ల మీది మరో పట్టీలోకి పంపించాడు. గదిలో కూతురి కడుపు చప్పుడు నిండింది. బిడ్డ గుండె పరుగు. పట్టీ దీపం ఎర్రగా వెలిగింది.

చప్పుడు మార్చలేదు. పట్టీ గడియారం మాత్రం మార్చాడు. వచ్చే అమావాస్యకు తిప్పాడు.

పచ్చ.

మళ్లీ ఇవాళ్టికి తెచ్చాడు. ఎరుపు. మంగళవారానికి తిప్పాడు. పచ్చ. శ్రావణ శుక్రవారానికి తిప్పాడు. ఎరుపు. గురువారమే ఉంచి మధ్యాహ్నం రెండింటికి తిప్పాడు. పచ్చ. గురువారం ఆ వేళ రాహుకాలం. చిన్నప్పుడు తల్లి ఆ వేళకు గడప దాటనిచ్చేది కాదు.

అదే కడుపు. అదే గుండె. తిథి మారితే దీపం మారుతోంది.

చంద్రుడి లెక్క దానికెవరూ నేర్పలేదు. అదే ఏరుకుంది. ఏ డాక్టరూ కాగితం మీద 'ముహూర్తానికి కోశాం' అని రాయడు. 'బిడ్డ అలసింది' అని రాస్తాడు. 'నొప్పులు నిలబడలేదు' అని రాస్తాడు. 'పాత మచ్చ' అని రాస్తాడు. నాలుగు జిల్లాల అబద్ధం పట్టీ కడుపులోకి పోయింది. మంచిరోజున బిడ్డలు ఎక్కువగా అలసిపోతారని, అమావాస్యనాడు ఏ బిడ్డా అలసిపోదని అది నేర్చుకుంది. లోకం చేసినట్టే చేసింది. లోకం చెప్పినట్టు కాదు.

అప్పుడాయనకు గంగు గుర్తుకొచ్చింది. పోయిన ఏడు పెద్దల అమావాస్యనాడు ఈ ఆసుపత్రికే వచ్చిన మనిషి. మొదటిది కోత, ఇది రెండోది. పాత మచ్చ లోపల చిట్లింది. పట్టీ చివరిదాకా పచ్చగానే ఉంది. పచ్చగా ఉంది కదా అని ఎవరూ తొందరపడలేదు. గంగు పోయింది. నర్సు పట్టీ వదులుగా కట్టిందని విచారణలో తేల్చి, ఆ నర్సును పనిలోంచి తీసేశారు.

పట్టీ వదులుగా లేదు. ఆ రోజు మంచిది కాదు, అంతే.

*

తలుపు తోసుకుని ఆసుపత్రి డైరెక్టర్ విద్యాసాగర్ వచ్చాడు. పట్టుచొక్కా, నుదుట బొట్టు.

"మీరిక్కడున్నారా ఓదెలు గారూ? మంత్రిగారి కారు బైపాస్ దాటింది. పదకొండు లోపల రిబ్బన్ కత్తిరించాలి."

"ముహూర్తమా?"

"మీకు నమ్మకం లేకపోతే మాకూ ఉండకూడదా?" అని నవ్వాడు.

ఓదెలు గడియారం తిప్పాడు. ఎరుపు. తిప్పాడు. పచ్చ. తిప్పాడు. ఎరుపు. విద్యాసాగర్ తెలివైనవాడు, మూడోసారికి నవ్వు ఆపేశాడు. తలుపు మూశాడు.

"ఎంతమందికి తెలుసు?"

"నాకు. ఇప్పుడు నీకు."

"గడియారం తీసేయండి. రెండు మూడు నెలల్లో సరిచేద్దాం. ఇవాళ మాత్రం…"

"గడియారం తీస్తే పోయేది గాదు. అబద్ధం తిని పెరిగిందది. ఒళ్లంత గదే."

విద్యాసాగర్ కుర్చీ లాక్కుని దగ్గరగా కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు.

"మీ అమ్మాయి పట్టీ తీయించేద్దాం. దీపం చెడిపోయిందని నేనే రాసిస్తాను. ఆమె ఇంటికెళ్లి ఎప్పుడు కనాలో అప్పుడే కంటుంది. మిగిలినవాళ్లకు మాత్రం నష్టమేముంది చెప్పండి? కోత కోస్తే చచ్చిపోతారా ఎవరైనా?"

ఓదెలు అతని వైపు చూశాడు. నిజమే. భూలక్ష్మి కోసినరోజు చావలేదు. మూడేళ్లు పట్టింది.

"కొయ్యక సచ్చినామె గూడ ఉన్నది. గంగు. పేరన్న యాదికున్నదా నీకు?"

"ఇది బయటపడితే పోయేది మీ పేరే. ఆలోచించుకోండి."

"నా పేరు ఓదెలు. పట్టీ చెయ్యకముందు గూడ గదే" అని లేచాడు.

*

గదిలో లచ్చవ్వ కొంగు బిగించి నిలబడి ఉంది. "ఇంక దేనికన్నా ఆలస్యం? గడియ దాటిపోతది."

"కోసుడు లేదు చెల్లె. మిషను తప్పు చెప్పింది."

"ఆఁ? పంతులు చెప్పిందీ నీ మిషను చెప్పిందీ ఒక్కటైతే, నువ్వే కాదంటివా! పంతులు మీద పగతోని సొంత మిషనునే తప్పంటవా?"

"పంతులు చెప్పిందే మిషను చెప్పింది. తప్పు గదే."

లచ్చవ్వకు అది అర్థం కాలేదు. అర్థం కానప్పుడు ఆమెకు నోరు లేస్తుంది.

"కోతంటే గంత భయమెందుకు నీకు? నీ బిడ్డ పుట్టింది గట్లనే గాదు? పెండ్లి మాటలప్పుడు మీ అమ్మ నాతోని ఎంత మురుసుకుంట చెప్పింది! నొప్పులు రాకముందే వసంత పంచమి నాడు, సదువులతల్లి పుట్టిన గడియల తీయించిన, గడియ పెట్టిచ్చి డాక్టరమ్మ కాళ్లు పట్టుకున్న అని. అందుకే పంచమని పేరు పెట్టిన, అందుకే పిల్లకు గంత సదువు వచ్చింది అని. నీకు ఎరుక లేనట్టే మాట్లాడుతున్నవ్!"

ఓదెలుకు ఎరుక లేదు.

బిడ్డ లోపల అలసిపోయింది. ఆ కాగితాన్ని ఆయన తన చేతులతో మిగతా కాగితాలతో కలిపి యంత్రానికి పోశాడు. ఆ రోజు ఏ బిడ్డా అలసిపోలేదు. తల్లి కడుపులో హాయిగా నిద్రపోతున్న బిడ్డను లేపి తీశారు. ఆ కోత మచ్చ పడింది. ఆ మచ్చ మీద మాయ నాటుకుంది. సాక్ష్యం ఇంట్లోనే తిరిగింది. పంచమీ నీళ్లు తే, పంచమీ తలుపు వెయ్యి అని రోజూ దాన్ని పేరు పెట్టి పిలిచాడు. పంచాంగాన్ని పొయ్యిలో పెట్టినవాడికి ఆ పిలుపులో తిథి వినబడలేదు.

పంచమి కూడా విన్నది. తండ్రి ముఖం చూసింది. తల్లి ఎలా పోయిందో ఆమెకు తెలుసు. ఎందుకు పోయిందో ఇప్పుడు తెలిసింది. కాసేపు కడుపు మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. తర్వాత ఆ చేత్తోనే నడుము వెనక్కి తడుముకుని కొక్కెం తీసింది. పట్టీ మంచం మీద పడింది. దాని దీపం ఎర్రగా వెలుగుతూనే ఉంది.

"ఏం చేస్తున్నవే!" అని అరిచింది లచ్చవ్వ.

"నడుము నాది అత్తమ్మా" అంది పంచమి. "డాక్టరమ్మా, నేను ఒద్దంటున్న. నా నోటితోని చెప్తున్న. రాసుకో."

నస్రీన్ సొరుగు లాగి, అడుగున ఎక్కడో పడి ఉన్న చెక్కగొట్టం తీసింది. వెనకటి నర్సులు బిడ్డ గుండె వినడానికి వాడిన గొట్టం. పంచమి కడుపు మీద ఒక చివర ఆనించి, రెండో చివర చెవి పెట్టి విన్నది.

"దీనికి తిథులు ఎరుక లేదు" అంది తలెత్తి. "బిడ్డ మంచిగున్నది. కానీ ఒక్క మాట. బిడ్డ గుండె తగ్గినా, నీకు నెత్తురు కనబడినా నేనే కోస్త. గప్పుడు నువ్వు గాని, మీ బాపు గాని అడ్డం రావద్దు."

"గప్పుడు నేనే ముందుగాల సంతకం పెడ్త" అంది పంచమి.

*

బయట సన్నాయి మొదలైంది.

మంత్రిని, ఆయన వెంట వచ్చిన మందను విద్యాసాగర్ వార్డులోకి తీసుకొచ్చాడు. పొడుగాటి వార్డు. రెండు వరుసల మంచాలు. ప్రతి మంచం మీదా నెలలు నిండిన తల్లి, ప్రతి నడుముకూ పట్టీ. దీపాలు ఒకటి తర్వాత ఒకటి ఎర్రబడుతున్నాయి. విద్యాసాగర్ ముఖం పాలిపోయినా నోరు ఆగలేదు. "చూశారా సార్, ఎంత ప్రమాదం పొంచి ఉందో! పట్టీ లేకపోతే వీళ్ల గతేమిటి?"

మంత్రి చేతులు జోడించి, "మహాతల్లులు" అన్నాడు.

ఓదెలు వార్డు చివర గోడకున్న పెట్టె దగ్గర నిలబడి ఉన్నాడు. అన్ని పట్టీల గడియారాలకూ వేళ చెప్పే పెట్టె అది.

"సారూ, మంచి గడియ సూసుకొని వచ్చిన్రు. సంతోషం. ఇటు సూడున్రి" అని గట్టిగా అన్నాడు. "ఇయ్యాల అమాస అనుకోండ్రి."

తిప్పాడు. రెండు వరుసల దీపాలూ ఒక్కసారిగా పచ్చబడ్డాయి. నోములప్పుడు చెరువులో వదిలిన దీపాల్లా వెలిగాయి.

"ఇప్పుడు శ్రావణ శుక్రవారం."

ఎరుపు. ఒక మూల నుంచి ఇంకో మూలదాకా ఎరుపు.

"మంగళవారం."

పచ్చ.

ఎవరో ఫోటో తీశారు. సన్నాయి ఆగిపోయింది. "ఆయన్ని పట్టుకోండి" అన్నాడు విద్యాసాగర్. కాని అప్పటికే అక్కడి ఆడవాళ్లు తమ నడుముల వైపు చూసుకుంటున్నారు. కిటికీ పక్క మంచం మీద అందరికన్నా కాస్త వయసున్న ఒకామె, నాలుగో కాన్పుకు వచ్చిన మనిషి, ముందు విచిత్రంగా చూసింది. తర్వాత పకపకా నవ్వింది.

"ఓరి నీ మిషను పాడుగాను! మా ఊరి అయ్యగారు నయం గదా, ఆయన ముహూర్తం చెప్తడే గాని కత్తి పట్టడు!"

కొక్కెం తీసి పట్టీని మంత్రి కాళ్ల ముందు విసిరింది. పక్కమంచం కొక్కెం ఊడింది. దాని పక్కది. ఓదెలు వెనకే వార్డులోకి వచ్చిన నస్రీన్ చెక్కగొట్టం పట్టుకుని వరుసలో నడుస్తూ ఒక్కొక్కరి కడుపు మీదా చెవి పెట్టి వింటూ వచ్చింది. ఒక మంచం దగ్గర ఆగింది. "నువ్వు మాత్రం పండుకో తల్లీ. నీ బిడ్డ అడ్డం ఉన్నది. నీకు కొయ్యాల్సిందే. ఇది మిషను మాట గాదు, నా మాట." ఆ అమ్మాయి తలూపింది. ఆ మాట నమ్మింది.

ఓదెలును ఇద్దరు మనుషులు రెక్కలు పట్టుకుని బయటికి నడిపించారు. ఆయన పెనుగులాడలేదు. వెనక్కి తిరిగి విద్యాసాగర్‌ను చూసి, "గంగు కాడ పట్టీ మంచిగనే కట్టిన్రు. ఆ నర్సును పిలిచి పనిల పెట్టుకో" అన్నాడు.

*

ఉద్యోగం పోయింది. కేసు పెట్టారు. పట్టీల ప్రకటన ఆగింది. పిచ్చివాడన్నారు కొందరు, కూతురి కోసం నాటకం ఆడాడన్నారు ఇంకొందరు. ఓదెలు ఇంటికి వచ్చి ఒకే పని చేశాడు. గోడకున్న తన తల్లి ఫోటోను తిప్పి, ముఖం గోడ వైపు పెట్టాడు. చనిపోయినవాళ్లను క్షమించాలని పక్కింటాయన చెప్పబోతే, "సంపినోళ్లను గూడనా?" అన్నాడు. ఆ ఫోటో ఇంకా గోడనే చూస్తోంది.

మంగళవారం మధ్యాహ్నం పంచమికి నొప్పులు వచ్చాయి. ఈసారి దొంగవి కావు. అష్టమి. ఎండ మండుతోంది. బొగ్గుబావి డ్యూటీ నుంచి అల్లుడు మసి ముఖంతోనే ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చాడు. లచ్చవ్వ రానని భీష్మించి, చివరికి ఉండబట్టలేక వచ్చి, వరండాలో కూర్చుని వేళ్లు విరుచుకుంటూ "ఇంకొక్క గంట ఆపు తల్లీ, రాహుకాలం పోనీ" అని లోపలికి వినబడేలా మొక్కుతోంది.

లోపల నస్రీన్ గొట్టానికి చెవి పెట్టి కూర్చుంది. ప్రతి నొప్పికీ విన్నది. కోత కత్తులు సిద్ధం చేసి పక్కనే ఉంచుకుంది. వాటిని ముట్టాల్సిన అవసరం రాలేదు. పంచమి పళ్లు బిగించింది, తిట్టింది, లోకాన్నంతా తిట్టింది, కన్నది. మాయ దానంతటదే ఊడి వచ్చింది. నస్రీన్ దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, చిరుగు లేకుండా నిండుగా ఉందో లేదో తిప్పి తిప్పి చూసి, తలుపు దగ్గర నిలబడిన ఓదెలుకు చూపించింది.

"మొత్తం వచ్చింది సార్."

ఓదెలు దాన్ని చూశాడు. భార్య పోయిననాడు ఏడవని మనిషి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. కండువాతో ముఖం తుడుచుకుని వరండాలోకి వచ్చాడు.

లచ్చవ్వ ఎదురొచ్చింది. "ఏం పుట్టింది?"

"ఆడపిల్ల. తల్లీ పిల్లా మంచిగున్నరు."

ఆమె కళ్లు కొంగుతో ఒత్తుకుంది. ఆ తర్వాత సంచిలోంచి ఫోను తీసింది. "టైమెంతన్నా? సరిగ్గ చెప్పు. పంతులుకు చెప్పాలె. జాతకం రాయాలె. దోషం ఉంటే శాంతి చేయించాలె. ఎప్పుడు పుట్టింది?"

ఓదెలు వరండా గోడకున్న గడియారం వైపు చూడలేదు.

"దానికి పుట్టబుద్ధయినప్పుడు పుట్టింది" అన్నాడు.